రెండు చుట్లు

అది మార్చి పంతొమ్మిదో తారీఖు, గురువారం. ఆ రోజు పొద్దున మాస్టారు తిన్నది రెండు కాల్చిన రొట్టె ముక్కలు, ఒక అరటిపండు. ఉడికించిన గుడ్డు కూడా ఉంది కానీ, దాన్ని ఒలుస్తుండగానే లోపలి గదిలోంచి బావమరిది కేకేశాడు.

"బావా! కొత్త పెళ్ళికూతురు దిగింది, వచ్చి చూడు!"

పెళ్ళికూతురు అంటే ఆక్సిజన్ మిషన్. మోకాలి ఎత్తు పెట్టె, కింద నాలుగు చక్రాలు, పక్కన నీళ్ళ సీసా. ఆసుపత్రి వాళ్ళు వాడుకోమని పంపినది. ఎంతమంది మంచాల పక్కన నిలబడి వచ్చిందో, వెనకవైపు వివరాలు రాసి ఉండే స్టిక్కరు అరిగి తెల్లబడిపోయింది. ఎన్ని వాట్లదో చదవడానికి ఒక్క అక్షరమూ మిగల్లేదు.

మాస్టారు కాలేజీలో ముప్ఫై నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాడు. భార్య పోయి నాలుగేళ్ళు. రెండేళ్ళు ఒంటరిగా నెట్టుకొచ్చాక అత్తగారే ఫోన్ చేసి, "ఇక్కడ ఒక గది ఊరికే పడి ఉంది బాబూ, దానికైనా తోడుగా రండి" అంది. వచ్చేశాడు. అప్పటి నుంచి ఇంటికి ఎవరొచ్చినా బావమరిది ఒకటే పరిచయం చేస్తాడు. "అందరూ పెళ్ళి చేసుకుని ఇల్లరికం వస్తారండీ. మా బావ మాత్రం పెళ్ళాం పోయాక వచ్చాడు." మొదటిసారి విన్నప్పుడు వచ్చినవాళ్ళు తల దించుకున్నారు, మాస్టారు మాత్రం పగలబడి నవ్వాడు. భార్య పోయాక ఆయన అలా నవ్వడం అదే మొదలు.

ఆ అత్తగారు ఇప్పుడు పద్దెనిమిది రోజులుగా ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తుల జబ్బు తగ్గింది కానీ ఆక్సిజన్ మాత్రం రాత్రింబవళ్ళు ఉండాలన్నారు. ఇంట్లో మిషన్ పెట్టుకుంటే ఇవాళే తీసుకుపోవచ్చు. ఒక్కటే షరతు. ఈ పేటలో రోజూ కరెంటు పోతుంది కాబట్టి, పోయినప్పుడు ఇన్వర్టర్ మీద కనీసం మూడు గంటలు మిషన్ నడవాలి. నడవదంటే ఊరి చివర ఉన్న దీర్ఘకాలం వార్డుకు పంపుతారు. అక్కడ డాక్టరు నెలకొకసారి చూస్తాడు. అక్కడికి వెళ్ళినవాళ్ళు ఇంటికి ఎప్పుడొస్తారని మాస్టారు అడిగితే నర్సు ఫైలులో ఏదో వెతుక్కుంది.

ఇంట్లో ఉన్న ఇన్వర్టర్ ఆరు వందల వాట్లది. మిషన్ ఎన్ని వాట్లు తాగుతుందో కొలిచి, తొమ్మిదిలోపు నర్సుకు ఫోన్లో చెప్పాలి.

కొలిచే పని బావమరిదిది. అతను వైర్‌మ్యాన్. సీసాలో పోయడానికి కాచి చల్లార్చిన నీళ్ళు తెమ్మని మాస్టారిని వంటింట్లోకి తరిమి, తన టాంగ్ టెస్టర్ బయటికి తీశాడు. పీత డెక్కలా దవడలు తెరుచుకునే మీటరు అది. ఆ దవడల మధ్య తీగను పట్టిస్తే అందులో ఎంత కరెంటు పారుతోందో చెబుతుంది. మాస్టారు నీళ్ళు పట్టుకొచ్చేసరికి అతను బూట్ల లేసులు కట్టుకుంటున్నాడు.

"రెండో వీధిలో లిఫ్టు పని బావా, గుంతలోకి దిగితే ఫోన్ పలకదు. కొలత అట్ట మీద రాసిపెట్టా. గుణకారాలు నువ్వు చూసుకో, నాకు పడవు. ఇన్వర్టర్ బ్యాటరీని సర్వీసు నుంచి సాయంత్రం నేనే తెస్తా." మెట్లు దిగుతూనే ఇంకా ఏదో అన్నాడు కానీ అది గోడలకే వినిపించింది.

మందుల డబ్బా చింపిన అట్ట ముక్క మిషన్ మీద ఉంది. కార్బన్ పెన్సిలుతో మూడు ముక్కలు: *230. 3.2. 2 చుట్లు.*

రెండు చుట్లు కొలిచాడన్నమాట, రెండుసార్లూ ఒకటే వచ్చిందన్నమాట, జాగ్రత్తపరుడే అనుకున్నాడు మాస్టారు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. పదో తరగతి లెక్క. 230 ఇంటూ 3.2. పెన్సిలు పెట్టకుండానే వచ్చింది: 736.

ఆయన మళ్ళీ చేశాడు. మూడోసారి కాగితం మీద చేశాడు. 736 వాట్లు. ఇన్వర్టర్ ఆరు వందలు. చాలదు.

ఆ క్షణంలో తన గుండెలో ఏం జరిగిందో మాస్టారు తర్వాత చాలా రోజులు తలుచుకుని సిగ్గుపడ్డాడు. మొదట వచ్చింది బాధ కాదు, ఒక చిన్న తేలిక. నడిరాత్రి మిషన్ ఆగిపోతే? ఆవిడ గొంతులో గాలి అందకపోతే? అక్కడైతే నర్సులుంటారు, బాధ్యత తనది కాదు. ఆ తేలిక ఎంతసేపో నిలవలేదు, కానీ వచ్చిన మాట నిజం.

ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పాడు. పెద్ద ఇన్వర్టర్ రావడానికి నాలుగు రోజులు పడుతుందని షాపువాడు అన్న మాట కూడా చెప్పాడు.

"మంచం ఈ సాయంత్రానికే ఖాళీ చెయ్యాలండీ," అంది నర్సు. "నాలుగింటికి బండి ఉంది, అందులో వార్డుకు పంపించేస్తాం. ఉండండి, పెద్దావిడకు మీరే చెప్పండి." ఆమె మంచిది. ఫోన్ తీసుకెళ్ళి ముసలావిడ చెవి దగ్గర పట్టుకుంది.

"అత్తయ్యా, ఇవాళ కుదరడం లేదు. ఇన్వర్టర్ చాలదు."

ఆవిడ ముక్కు దగ్గర గొట్టంలో గాలి చప్పుడు ఫోన్లో వినిపించింది.

"సరేలే బాబూ," అంది. మళ్ళీ ఊపిరి కూడదీసుకుని, "అక్కడ కిటికీ ఉంటుందా?"

"ఉంటుంది అత్తయ్యా."

ఉంటుందో లేదో ఆయనకేం తెలుసు?

పదకొండవుతుండగా అత్తగారి గదిలో చెల్లెమ్మ దుప్పట్లు ఇస్త్రీ చేయడానికి బల్ల పరుస్తోంది. చెల్లెమ్మ అంటే బావమరిది భార్య. మాస్టారు వచ్చి విషయం చెప్పినా ఆమె బల్ల మడిచిపెట్టలేదు.

"ఎలాగూ తడి చల్లాను," అంది కళ్ళెత్తకుండా. "రానివ్వకపోతే మానె. దుప్పటేం పాపం చేసింది?" అని ఒక నిమిషం ఆగి, "అన్నయ్యా, ఒక్కసారి ఇన్వర్టర్ మీద ఆన్ చేసి చూస్తే పోలా? ఆగితే ఆగుతుంది."

"బ్యాటరీ సాయంత్రం గానీ రాదు కదమ్మా."

ఆయన మంచం అంచున కూలబడ్డాడు. చేతులకు ఏదో పని కావాలి. తన గది సొరుగులో కాలేజీ నాటి మల్టీమీటర్ ఉంటే తెచ్చి, గోడ బోర్డులోని ఖాళీ సాకెట్లో దాని సూదులు ఆనించాడు. 232 వోల్టులు. మిషన్ ఆన్ చేశాడు. అది గుర్రుమని లేచి, రొప్పడం మొదలుపెట్టింది. 228. నాలుగు తగ్గింది. మీటరు బోర్డు నుంచి ఈ గది దాకా గోడలో వచ్చే పాత తీగలో ఆ నాలుగు వోల్టులు ఖర్చయిపోతున్నాయి. ఆపేశాడు, మళ్ళీ 232.

చెల్లెమ్మ పక్క సాకెట్లో ఇస్త్రీ పెట్టె ప్లగ్గు పెట్టి స్విచ్ వేసింది. దీపం కాస్త డీలాపడింది.

"ఇది పెట్టినప్పుడల్లా ఇంతే," అంది. "లైటు మొహం మాడ్చుకుంటుంది."

మీటరు మీద అంకె 221.

మాస్టారు ఆ అంకె వైపు చూస్తూ ఉండిపోయాడు. ఏదో సరిపడటం లేదు. ముప్ఫై నాలుగేళ్ళు తప్పుడు రికార్డు పుస్తకాలు దిద్దిన మనిషికి, తప్పేమిటో తెలియకముందే తప్పుందని తెలుస్తుంది. చెప్పులో ఇసుక రేణువులా.

"అమ్మా, ఆ ఇస్త్రీ పెట్టె అడుగున ఏం రాసుంది?"

"కాలుతోంది అన్నయ్యా!"

"అడుగు కాదు, పిడి వెనకాల."

ఆమె వంగి చూసింది. "వెయ్యి వాట్లు. రెండు వందల ముప్ఫై వోల్టులు."

ఆయన అట్ట ముక్కను తిరగేసి రాయడం మొదలుపెట్టాడు. ఇస్త్రీ పెట్టెలో తీగ చుట్ట తప్ప ఇంకేమీ లేదు, దాని నిరోధం, అంటే కరెంటుకు అది పెట్టే అడ్డు, లెక్కకు అందుతుంది. 230 ని 230 తో గుణించి వెయ్యితో భాగిస్తే దాదాపు 53 ఓములు. ఇప్పుడు దానికి అందుతున్నది 221 వోల్టులు. 221 ని 53 తో భాగిస్తే 4.2 ఆంపియర్లకు కాస్త తక్కువ. అంత కరెంటు పారినప్పుడు గోడలోని తీగ తిన్నది పదకొండు వోల్టులు. పదకొండును 4.2 తో భాగిస్తే, ఆ తీగ నిరోధం 2.6 ఓములు.

ఇక మిషన్. అదే తీగ తిన్నది నాలుగు వోల్టులు. పారిన కరెంటు 3.2 అని బావమరిది రాశాడు. నాలుగును 3.2 తో భాగిస్తే 1.25 ఓములు.

"ఏమైంది అన్నయ్యా? అలా అయిపోయారేం?"

"చూడమ్మా. గోడలో ఉన్నది ఒకే తీగ. ఇస్త్రీ పెట్టెతో లెక్క వేస్తే దాని నిరోధం 2.6 అంటోంది. మిషన్‌తో వేస్తే 1.25 అంటోంది."

చెల్లెమ్మ దుప్పటి మడత విప్పుతూ, "తీగేమన్నా మన ఎదురింటావిడా," అంది, "ఒకరికి ఒక మాట, ఇంకొకరికి ఇంకో మాట చెప్పడానికి?"

"అదీ! తీగ అబద్ధం చెప్పదు. అంటే అంకెల్లో ఒకటి తప్పు. 2.6 నిజమైతే, నాలుగు వోల్టులు పోవడానికి పారాల్సిన కరెంటు ఒకటిన్నర. మీ ఆయన రాసిన దాంట్లో సగం."

"ఆయన తప్పు రాయరే," అంది ఆమె. అందులో కాస్త రోషం కూడా ఉంది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి వచ్చి అట్ట ముక్క తీసుకుంది. "ఈ రెండు చుట్లు ఏమిటి?"

"రెండుసార్లు కొలిచాడు. రెండు విడతలు."

"సార్లయితే సార్లనే అంటారండీ ఆయన. రెండుసార్లు చెప్పాను వినవేం అంటారు, మూడుసార్లు ఫోన్ చేశాను ఎత్తవేం అంటారు. చుట్లు అనేది తీగనే."

మాస్టారు అట్ట ముక్కను వెనక్కి తీసుకుని ఆ చివరి మాట మళ్ళీ చదివాడు.

తక్కువ కరెంటు కొలిచేటప్పుడు అంకె నిలకడగా రావడానికి తీగను మీటరు దవడకు రెండు చుట్లో ఐదు చుట్లో తిప్పుతారు. రెండు చుట్లు తిప్పితే మీటరు రెండింతలు చూపిస్తుంది. దాన్ని రెండుతో భాగించుకోవాలి. ఇది ఆయనకు తెలియనిది కాదు. ఏటా ప్రయోగశాలలో బల్ల మీద చేసి చూపించేవాడు, భాగించడం మరిచిపోయినవాళ్ళకు మార్కులు కోసేవాడు.

ఇప్పుడు గడియారం పదకొండున్నర. ఆయన ఆసుపత్రికి ఫోన్ చేశాడు.

"పొద్దున ఏడు వందల ముప్ఫై ఆరన్నారు, ఇప్పుడు మూడు వందల అరవై ఎనిమిదంటున్నారు," అంది నర్సు. "ఒంటిగంటకు ఇంకేం చెప్తారో? నేనిప్పటికే బండి కాగితం రాసేశాను మాస్టారూ. మార్చాలంటే డాక్టరుగారు సంతకం పెట్టాలి. ఒంటిగంటకు ఆయన వెళ్ళిపోతారు. కొలిచిన మనిషి చెప్తే రాసుకుంటాను. లెక్కలు నాకొద్దు."

కొలిచిన మనిషి గుంతలో ఉన్నాడు. ఫోన్ పలకదు.

మాస్టారు లుంగీ మార్చి ప్యాంటు వేసుకున్నాడు కానీ, చెప్పులు మాత్రం ఒకటి తనది, ఒకటి బావమరిదిది వేసుకుని బయల్దేరాడు. వీధి మలుపులో చూసుకున్నాడు. వెనక్కి తిరగలేదు. రెండో వీధిలో ఆరంతస్తుల భవనం, ముందు ఇసుక గుట్ట. వాచ్‌మ్యాన్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"లోపలికి సేఫ్టీ టోపీ లేకుండా పోనివ్వరండీ."

"లోపలికి వద్దయ్యా. లిఫ్టు గుంత ఎక్కడో చూపించు, పైనుంచి ఒక్క మాట అడిగి పోతాను."

వాచ్‌మ్యాన్ ఆయన ముఖాన్నీ, ఆ తర్వాత కాళ్ళనూ చూశాడు. ఏమనుకున్నాడో, తన తలమీది టోపీ తీసి ఆయన నెత్తిన పెట్టి దారి చూపించాడు. తలుపు బిగించని లిఫ్టు సందుకు అడ్డంగా చెక్క కొట్టి ఉంది. కింద ఎక్కడో బల్బు వెలుతురు, సుత్తి చప్పుడు. మాస్టారు చెక్క పట్టుకుని వంగాడు.

"ఒరేయ్! రెండు చుట్లంటే ఏమిట్రా?"

చుట్లంటే ఏమిట్రా, ఏమిట్రా అని ఆరంతస్తులూ అడిగాయి. సుత్తి ఆగింది.

"ఎవరూ? బావా? నువ్వా?"

"నేనేరా! చుట్లంటే ఏమిటి?"

"తీగ చుట్లు బావా! ఇంకేం చుట్లు? మా తాత కాల్చిన పొగాకు చుట్టలనుకున్నావా?"

"భాగించావా?"

"నేనెందుకు భాగిస్తా? గుణకారాలూ భాగారాలూ నీ శాఖ అని చెప్పే వచ్చాగా! మెట్లు దిగుతూ అరిచా కూడా, సగం చెయ్యి బావా అని!"

మాస్టారు చెక్క మీద నుదురు ఆనించాడు. కళ్ళు చెమర్చాయి. అది సిమెంటు దుమ్ము వల్ల కూడా కావచ్చు.

"పైకి రారా! మీ అమ్మను వార్డుకు పంపించేస్తున్నారు!"

ఆ తర్వాత బావమరిది నిచ్చెన ఎక్కిన వేగం చూసి, ఇంత ఒళ్ళు ఎక్కడ దాచుకుని ఎక్కాడా అని వాచ్‌మ్యాన్ ముక్కున వేలేసుకున్నాడు. ఒళ్ళంతా గ్రీజు. ఇద్దరూ బయటికి రాగానే మాస్టారు ఫోన్‌ను అతని చెవికి ఆనించి పట్టుకున్నాడు. అతను ఊపిరి తీసుకోకుండా చెప్పాడు: "నర్సమ్మా, వైర్‌మ్యాన్‌ని. మిషన్ ఒకటి పాయింట్ ఆరే తాగుతుంది. మూడు పాయింట్ రెండు తీగ చుట్టడం వల్ల వచ్చింది. తప్పు నాది కాదు, మా బావది. ఆయన పెద్ద చదువు చదువుకున్నాడు."

అటువైపు నవ్వు వినిపించింది. తర్వాత నర్సు మాస్టారిని పిలిచి ఒకటే ప్రశ్న వేసింది. "మూడు గంటలు ఆగుతుందా? నిజంగా చెప్పండి."

"బ్యాటరీలో నికరంగా పద్నాలుగు వందల వాట్-గంటలు దొరుకుతాయమ్మా. దాన్ని 368 తో భాగిస్తే నాలుగు గంటలకు కాస్త తక్కువ. పైగా మిషన్‌లో ఉన్నది మోటారు. వోల్టులనూ ఆంపియర్లనూ ఊరికే గుణిస్తే వచ్చేది అసలు ఖర్చు కన్నా ఎక్కువే ఉంటుంది గానీ తక్కువ ఉండదు."

"ఇది పొద్దున్నే చెప్పొచ్చుగా," అంది నర్సు. "ఉండండి."

బావమరిది ఆయన కాళ్ళ వైపు చూస్తూ, "నా చెప్పు నీకెందుకు బావా?" అని నెమ్మదిగా అడిగాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టి ఉష్ అన్నాడు. ఏడు నిమిషాలు అలాగే నిలబడ్డారు ఇద్దరూ, ఇసుక గుట్ట పక్కన, ఒకే ఫోన్‌కు చెరో చెవీ ఆనించి.

"సంతకం అయింది," అంది నర్సు. "బండి అదే. డ్రైవరుకు అడ్రసు మార్చి ఇచ్చాను."

బావమరిది ఇసుక గుట్ట మీద చతికిలబడ్డాడు. మాస్టారు కూడా కూర్చున్నాడు. వాచ్‌మ్యాన్ రెండు గ్లాసుల నీళ్ళు తెచ్చిచ్చి, మాస్టారి నెత్తిమీది టోపీ తను తీసుకున్నాడు.

అయిదింటికి అత్తగారు ఇల్లు చేరింది. చక్రాల కుర్చీతో సహా అపార్ట్‌మెంటు లిఫ్టులోకి ఎక్కించేటప్పుడు నాలుగో అంతస్తాయన తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఆయన పేరు కూడా ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. మంచం మీద కొత్తగా ఇస్త్రీ చేసిన దుప్పటి. ఆవిడ దాన్ని అరచేత్తో నిమిరి, గది నలుమూలలా చూసుకుని, కొడుకూ అల్లుడూ ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టింది.

"ఇద్దరూ కలిసి నన్ను ఊరవతలికి తోలెయ్యబోయారటగా?"

"తప్పు నాదే అత్తయ్యా," అన్నాడు మాస్టారు. "అర్థం కానిది అడగకుండా లెక్క వేశాను."

"మీది కాదు బాబూ. వీడు చిన్నప్పటి నుంచీ ఇంతే. ఉత్తరం రాయమంటే తంతి రాసేవాడు."

"అమ్మా, అట్ట ముక్క అంతే ఉంది!"

"ఇంకో ముక్క చింపితే ఆ డబ్బా ఏడుస్తుందా?" అంది ఆవిడ. ఆ ఒక్క వాక్యానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. అయినా ఆవిడ గొంతులో పాత కరుకు వినపడేసరికి చెల్లెమ్మ వంటింట్లోకి వెళ్ళి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

బావమరిది బ్యాటరీ బిగించాడు. గది బోర్డు విప్పి వదులుగా ఉన్న స్క్రూలు బిగదీశాడు. ఆదివారం ఈ గదికి కొత్త తీగ లాగుతానన్నాడు. ఆ తర్వాత హాల్లోకి వెళ్ళి, "అందరూ వినండి! కరెంటు తీసేస్తున్నా!" అని పెద్ద స్విచ్ కిందికి లాగాడు. ఇల్లు చీకటయింది. ఇన్వర్టర్ ఒక్కసారి కూసింది. మిషన్ రొప్పు ఆగలేదు, ఒక్క దమ్ము కూడా తప్పలేదు. మాస్టారు అత్తగారి ఛాతీ మీద దుప్పటి లేచి పడటం చూస్తూ నిలబడ్డాడు. ఇన్వర్టర్ మీద ఎంత లోడు పడిందో చూపే అయిదు గుర్తు దీపాల్లో మూడే వెలుగుతున్నాయి. ఇంకా రెండు దీపాల జాగా ఖాళీ ఉంది.

"ఇంతసేపు చీకట్లో కూర్చోబెట్టి ఏం చూస్తున్నారర్రా?" అంది అత్తగారు.

"నిన్నే అత్తయ్యా," అన్నాడు మాస్టారు. ఎప్పుడూ మీరు అనే మనిషి, ఆ మాట ఎలా జారిందో ఆయనకే తెలియదు.

దీపాలు వచ్చాక అందరూ తిన్నారు. అత్తగారు నాలుగు చెంచాల గంజి తాగి, ఇంకో రెండు చెంచాలు అడిగింది. తొమ్మిది కాకముందే ఆవిడ నిద్రపోయింది. మాస్టారు కిటికీ ఒక రెక్క తెరిచి, సీసాలో నీళ్ళు చూసి, గొట్టం మెలిక పడకుండా సరిచేసి బయటికి వచ్చాడు. చెల్లెమ్మ ఆ రాత్రికి అక్కడే నేల మీద పక్క వేసుకుంది.

ఆ ఇంట్లో చప్పుడు చేయకుండా ఏ పనీ చేయని మనిషి బావమరిది. అతను గుమ్మంలో నిలబడి తల్లిని కాసేపు చూశాడు. తర్వాత గడియ టక్కుమనకుండా బొటనవేలితో నొక్కి పట్టుకుని, తలుపును అంగుళం అంగుళంగా దగ్గరకు వేశాడు.